పాఠశాల కంప్యూటర్లలో కల్పిత డిస్కు డ్రైవులు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామమునందలి పాఠశాల పంచాయతీకి పరాయి సంస్థ కాదు. 1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలునందు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. తరువాత వచ్చిన 2009వ సంవత్సరపు బాలల విద్యాహక్కు చట్టము, 21వ సెక్షను ద్వారా, పాఠశాల యాజమాన్య సంఘములో స్థానిక సంస్థల ఎన్నికైన ప్రతినిధులకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు చోటు కల్పించినది. పాఠశాల పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన గ్రాంటులు సక్రమముగా ఖర్చగుచున్నవో లేవో చూచుట ఆ సంఘము విధులు.

ప్రహరీగోడ, త్రాగునీరు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనము మున్నగువానిని గూర్చి మన సభ్యులు ధైర్యముగా ప్రశ్నింతురు. కాని కంప్యూటరు గది వాకిటికి వచ్చునప్పటికి పెక్కుమంది వెనుకకు తగ్గుచున్నారు. "అది మనకు తెలియని విద్య" యని ఊరకుందురు. బోరుబావి త్రవ్వించు సభ్యుడు భూగర్భ శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. నీరు ఎంత లోతున పడినది, మోటారు ఎవరి అధీనమున ఉన్నది, చెడినచో బాగుచేయువారెవరు అని అడుగగలిగిన చాలును. కంప్యూటరు గది విషయమునను అంతే. ఆ గదికి సంబంధించిన ఒక చిన్న సంగతిని, చిన్నదైనను పాఠములు నిలుచుటయో నిలిచిపోవుటయో దానిపై ఆధారపడియున్న సంగతిని, మేము ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

సమస్య ఏమి?

కేంద్ర ప్రభుత్వము 2004 డిసెంబరులో పాఠశాలలయందు సమాచార సాంకేతిక విద్యా పథకమును ప్రారంభించినది. 2010లో దానిని సవరించిరి. 2018నుండి అది సమగ్ర శిక్షా పథకములో భాగమైనది. ఇట్టి పథకముల ద్వారా ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చినవి. వానితోపాటు గణితము, సామాన్యశాస్త్రము, ఆంగ్లము మున్నగు పాఠములు సీడీలలోను, డీవీడీలలోను వచ్చినవి. ఆ పాఠములు ప్రజాధనముతో కొన్నవి.

నేడు ఆ డిస్కులకు మూడు ఆపదలు ఏర్పడినవి. మొదటిది, ఏండ్ల తరబడి చేతులు మారిన డిస్కులు గీతలు పడి పనిచేయకున్నవి. రెండవది, క్రొత్తగా వచ్చుచున్న కంప్యూటర్లలో పెక్కింటికి డిస్కు డ్రైవే యుండుట లేదు. డిస్కు చక్కగా నున్నను దానిని పెట్టు చోటు లేదు. మూడవది, గదిలో 20 కంప్యూటర్లున్నను డిస్కు ఒక్కటే యగుటచే ఒక యంత్రమువద్ద పాఠము నడచుచుండగా తక్కిన పిల్లలు చేతులు కట్టుకొని కూర్చుందురు. 40 నిమిషముల తరగతిలో డిస్కు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మారుటతోనే కాలము గడచిపోవును.

ఇంటర్నెట్టు బాగుగా నున్న గ్రామములలో 2017లో ప్రారంభమైన దీక్షా వేదికనుండి పాఠములు తెచ్చుకొనవచ్చును. ఇంటర్నెట్టు నిలకడగా లేని గ్రామములలో బీరువాలోని డిస్కులే ఇప్పటికిని ఆధారము. బీరువాకు తాళము వేసినంత మాత్రమున ఆ పాఠములు భద్రముగా నున్నట్లు కాదు.

డిస్కు ఎట్లు చెడును?

సీడీ 12 సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల బిళ్ళ. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలసి రూపొందించిన ఈ సాధనము 1982లో జపానులో తొలుత అమ్మకమునకు వచ్చినది. దానిలో సుమారు 700 మెగాబైట్ల సమాచారము పట్టును. 1996లో వచ్చిన డీవీడీలో ఒక పొరకు 4.7 గిగాబైట్లు పట్టును.

సీడీ క్రిందివైపు, అనగా మెరయువైపు మాత్రమే జాగ్రత్త అవసరమని చాలమంది తలంతురు. నిజమునకు సమాచారమును మోయు అల్యూమినియపు పొర పేరు వ్రాసియుండు పైవైపునకే దగ్గరగా నుండును. దానిపై పలుచని రక్షణ పూత మాత్రమే కలదు. కావున పైవైపున గట్టి కలముతో వ్రాసినను, అంటించిన కాగితమును పెరికినను, ఆ పొర చెడి పాఠము శాశ్వతముగా నశించును. క్రిందివైపు పడిన చిన్న గీతను కొన్ని సమయములలో మెరుగుపెట్టి సరిచేయవచ్చును. డీవీడీలో ఆ పొర రెండు రేకుల నడుమ నుండుటచే పైవైపు భయము కొంత తక్కువ.

డిస్కును అంచులయందు పట్టుకొనవలెను. తుడువవలసి వచ్చినచో మెత్తని గుడ్డతో మధ్యనుండి అంచునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా త్రిప్పరాదు. వేడిమికిని, ఎండకును, తేమకును దూరముగా నుంచవలెను.

ప్రతిరూపము, కల్పిత డ్రైవు అనగానేమి?

భూమి రికార్డు అసలు ప్రతి కార్యాలయమునందే యుండును. రైతు బ్యాంకునకు పోవునపుడు దాని నకలు తీసికొని పోవును. అసలు ప్రతి ప్రతిదినము చేతులు మారదు కావున నలుగదు, చినుగదు. డిస్కు విషయమునను ఇదే ఉపాయము కలదు. డిస్కులోని సమస్త సమాచారమును ఉన్నదున్నట్లుగా కంప్యూటరులో ఒకే ఫైలుగా నకలు తీయవచ్చును. దీనిని డిస్కు ప్రతిరూపమందురు. సీడీలపై ఫైళ్ళను అమర్చు పద్ధతికి 1988లో ఏర్పడిన ఐఎస్ఓ 9660 అను ప్రమాణమునుబట్టి దీనికి ఐఎస్ఓ ఫైలు అని వాడుక వచ్చినది.

అయితే ఫైలు డిస్కు కాదు. పాఠపు ప్రోగ్రాము "డిస్కు ఎక్కడ?" అని అడుగును. అప్పుడు కంప్యూటరులో నిజమైన డ్రైవు లేకున్నను ఒక డ్రైవు ఉన్నట్లు చూపు సాఫ్ట్‌వేరు అవసరమగును. దానినే వర్చువల్ డ్రైవు, అనగా కల్పిత డ్రైవు అందురు. ఐఎస్ఓ ఫైలును ఆ కల్పిత డ్రైవులో "పెట్టుట"కు మౌంటు చేయుట యని పేరు. మౌంటు చేయగానే కంప్యూటరు తెరపై ఇ అనియో, ఎఫ్ అనియో అక్షరముతో క్రొత్త డ్రైవు కనబడును. దానిని తెరచినచో డిస్కు పెట్టినట్లే పాఠము నడచును. పని ముగిసిన పిదప దానిని "తీసివేయుట" ఎజెక్టు చేయుట.

ఇందువలన మేలు మూడు విధములు. అసలు డిస్కు బీరువాలో నలుగక యుండును. ఒకే పాఠము, దాని అనుమతి పత్రము ఒప్పుకొన్నంత వరకు, అన్ని కంప్యూటర్లపై ఒకేసారి నడచును. ఐఎస్ఓ ఫైలులోనిది చదువుటకే గాని మార్చుటకు వీలుకానిది కావున పాఠములోని ఏ భాగమును పిల్లలు పొరబాటున చెరుపజాలరు.

అన్ని డిస్కులకు ఇది అవసరమా?

కాదు. ఈ విషయము తెలియక అనవసరపు సాఫ్ట్‌వేరును ఎక్కించుట జరుగుచున్నది. డిస్కులను ముందుగా నాలుగు రకములుగా వేరుచేయవలెను.

మొదటి రకము, కేవలము చిత్రములు, వీడియోలు, చదువదగిన పత్రములు గలవి. వీనిని సాధారణ ఫోల్డరులోనికి నకలు చేసిన చాలును. కల్పిత డ్రైవు అక్కరలేదు. రెండవ రకము, ఒక్కసారి కంప్యూటరులో స్థాపించిన పిదప డిస్కును అడుగనివి. వీనికి స్థాపించు దినమున మాత్రమే కల్పిత డ్రైవు కావలెను. మూడవ రకము, నడచిన ప్రతిసారియు డిస్కును అడుగునవి. కల్పిత డ్రైవు ముఖ్యముగా వీనికే ఉపయోగపడును. నాలుగవ రకము, వినికిడి పాఠముల ఆడియో సీడీలు. ఇవి సాధారణ ఐఎస్ఓ ఫైలులో ఇమడవు. వీనిని ఆడియో ఫైళ్ళుగా మార్చి దాచుటయే సరియైన పద్ధతి.

మరియొక హెచ్చరిక. నకలు తీయుటకు ముందు ఆ పాఠము క్రొత్త కంప్యూటరులో నడచునో లేదో పరీక్షింపవలెను. పూర్వపు పాఠములలో కొన్ని ఫ్లాష్ అను సాధనముపై ఆధారపడినవి. దానికి 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసినది. 2021 జనవరి 12నుండి అది బ్రౌజర్లలో పనిచేయుట నిలిపివేయబడినది. అట్లే మిక్కిలి పాతవైన 16 బిట్ల ప్రోగ్రాములు నేటి 64 బిట్ల విండోసులో నడువవు. కల్పిత డ్రైవు డిస్కు లేని లోటును తీర్చును గాని ప్రోగ్రాము ముసలితనమును మాన్పజాలదు.

ఏ సాఫ్ట్‌వేరును వాడవలెను?

ఇచటనే పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము కలదు. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని ఐఎస్ఓ ఫైలును మౌంటు చేయు శక్తి విండోసులోనే ఇమిడియున్నది. ఫైలుపై మౌసు కుడి మీట నొక్కి మౌంటు అనుదానిని ఎన్నుకొనిన చాలును. లినక్సు వ్యవస్థలలోను ఈ సౌకర్యము ఇమిడియే యున్నది. కావున నేటి కంప్యూటర్లలో దీనికై బయటి సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు, ఎక్కింపనక్కరలేదు.

విండోస్ 7తో నడచు పాత యంత్రములలో మాత్రము ఐఎస్ఓ ఫైలును మౌంటు చేయు సౌకర్యము లేదు. అట్టివానికి డీమన్ టూల్స్, వర్చువల్ క్లోన్‌డ్రైవ్, విన్‌సీడీఎము వంటి వేరు సాఫ్ట్‌వేరులు వాడుకలోనికి వచ్చినవి. కాని విండోస్ 7నకు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో నిలిచిపోయినవి. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. అట్టి పాత యంత్రములను ఇంటర్నెట్టుకు కలుపక పాఠములకు మాత్రము వాడుకొనుట యొక మార్గము. వానిలో లినక్సును స్థాపించుట రెండవ మార్గము. కేరళ రాష్ట్రము ఐటీ@స్కూలు కార్యక్రమము ద్వారాను, 2017నుండి దాని స్థానమున ఏర్పడిన కైట్ సంస్థ ద్వారాను, పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నడుపుచున్నది. అయితే మార్చుటకు ముందు మన పాఠముల డిస్కులు లినక్సులో నడచునో లేదో ఒక యంత్రముపై చూచుకొనవలెను. విండోసు కొరకు మాత్రమే చేసిన పాఠము లినక్సులో నడువకపోవచ్చును.

ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. మౌంటు చేయుట వేరు, డిస్కునుండి ఐఎస్ఓ ఫైలును తయారుచేయుట వేరు. విండోసులో మొదటి పనికి సౌకర్యము కలదు గాని రెండవ పనికి లేదు. దానికి వేరు సాధనము కావలెను. లినక్సులో రెండు పనులకును సాధనములు సులభముగా దొరకును. ఈ రెండవ పని డిస్కు ఒక్కింటికి ఒక్కసారి చేయవలసినదే. కావున దానికి ఒక యంత్రము, యుఎస్‌బీ ద్వారా తగిలించు ఒక డిస్కు డ్రైవు చాలును. చేరువనున్న నాలుగైదు పాఠశాలలు కలసి ఒక్క డ్రైవుతో ఈ పని ముగించుకొనవచ్చును.

ప్రమాదము ఎక్కడ నున్నది?

బయటి కల్పిత డ్రైవు సాఫ్ట్‌వేరులలో కొన్ని కంప్యూటరు వ్యవస్థ మూలమునందే తమ డ్రైవరును నాటుకొనును. అది ఆ వ్యవస్థకు సరిపడనిచో యంత్రము తెరచుకొనక మొరాయించును. ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకు ప్రతులలో కొన్ని ప్రకటనలు చూపు ఇతర ప్రోగ్రాములను వెంటబెట్టుకొని వచ్చును. ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చిన ప్రతిలో ఏమి దాగియున్నదో చెప్పజాలము.

ఐఎస్ఓ ఫైలు కూడ అపాయరహితము కాదు. ఇంటర్నెట్టునుండి వచ్చిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు పెట్టును. దానిని తెరచునపుడు హెచ్చరించును. ఒకప్పుడు ఐఎస్ఓ లోపల నున్న ప్రోగ్రాములకు ఆ గుర్తు సంక్రమించెడిది కాదు. 2022లో దుండగులు ఈ లోపమును ఆధారము చేసికొని ఐఎస్ఓ ఫైళ్ళలో వైరసులను దాచి పంపిరి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2022 నవంబరు భద్రతా సవరణలలో దీనిని సరిదిద్దినది. కావున ఆ తరువాతి సవరణలు అందని యంత్రమునకు ఆ అపాయము ఇంకను కలదు. మౌంటు చేసినంతనే అందలి ప్రోగ్రాము దానంతటదే నడచుటకు పూనుకొనకుండ ఆటోప్లే అను సౌకర్యమును ఆపివేయుట మంచిది.

ఒక్క యంత్రములో ప్రవేశించిన వైరసు గది యంతటికి ప్రాకవచ్చును. అప్పుడు 20 యంత్రములను చెరిపి తిరిగి స్థాపించువరకు పాఠములు నిలిచిపోవును. పదవ తరగతి పిల్లలకు ఆ దినములు మరల రావు. ఇల్లు చేరిన పిదప మరియొక కంప్యూటరువద్ద నేర్చుకొను వసతి మన గ్రామములలో ఎందరు పిల్లలకు కలదో సభ్యులే యోచింపవలెను.

చట్టము ఏమనుచున్నది?

నకలు తీయుట తప్పా యను సందేహము సహజము. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 52వ సెక్షను ఒకటవ ఉపసెక్షనులోని ఏఏ క్లాజు ప్రకారము, కంప్యూటరు ప్రోగ్రామును న్యాయముగా పొందినవారు నష్టము, నాశనము కలుగకుండ తాత్కాలిక రక్షణకై ప్రతి తీసికొనవచ్చును. ఆ ప్రోగ్రాము ఏ ప్రయోజనమునకై ఈయబడినదో దానికే వాడుకొనవలెను. కాని ఒక యంత్రమునకై కొన్న ప్రోగ్రామును ఇరువది యంత్రములపై నడుపుటకు ఈ వెసులుబాటు చాలదు. ఎన్ని యంత్రములకు అనుమతి గలదో డిస్కుతో వచ్చిన పత్రము తెలుపును. నకలు తీయకుండ తయారీదారు తాళము వేసిన డిస్కుల విషయమున సరఫరాదారునకు లేఖ వ్రాసి అనుమతి పొందుటయో, మారు డిస్కు కోరుటయో ఉచితము. దొంగ ప్రతియని తెలిసియు కంప్యూటరు ప్రోగ్రామును వాడుట అదే చట్టము 63-బి సెక్షను క్రింద శిక్షార్హమగు నేరము.

గ్రామ పాఠశాల పిల్లలకు మొదట నేర్పు కంప్యూటరు పాఠము దొంగ ప్రతితో ఆరంభము కారాదు.

నిర్వహణ క్రమము

ఒక పాఠశాలలో 20 కంప్యూటర్లు, 20 సీడీలు ఉన్నవనుకొందము. ఒక్కొక్క సీడీకి 700 మెగాబైట్ల చొప్పున మొత్తము 14 గిగాబైట్లు. 500 గిగాబైట్ల హార్డుడిస్కులో ఇది మిక్కిలి చిన్న భాగము. కావున చోటు లేదను మాట చెల్లదు.

ఐఎస్ఓ ఫైలును ఒక్క యంత్రములోనే ఉంచి తక్కిన యంత్రములు నెట్‌వర్కు ద్వారా దానిని చదువుట మేలా, లేక ప్రతి యంత్రములో ఒక ప్రతి నుంచుట మేలా? సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్కు అనగా సెకనుకు సుమారు 12.5 మెగాబైట్లు. ఒకేసారి 20 యంత్రములు చదివినచో ఒక్కొక్కదానికి 0.6 మెగాబైట్లే దక్కును. వీడియో పాఠములు తడబడును. అట్లుగాక తరగతులు ముగిసిన పిదప ఒక్కొక్క యంత్రమునకు నకలు పంపినచో 700 మెగాబైట్లకు ఒక నిమిషము లోపల పట్టును. 20 యంత్రములకు, లెక్క ప్రకారము, 20 నిమిషముల లోపే. ఆచరణలో కొంత ఎక్కువ పట్టినను ఒక సాయంకాలపు పనియే. అనుమతి పత్రము ఒప్పుకొన్నచో ప్రతి యంత్రములోను ప్రతి నుంచుటయే మేలు.

నకలు తీసిన పిదప అది సరియైనదో కాదో తేల్చుకొనుటకు షా-256 అను లెక్కింపు పద్ధతి కలదు. ప్రతి ఫైలుకు ఇది 64 అక్షరముల గుర్తు నిచ్చును. మనిషికి వ్రేలిముద్ర ఎట్టిదో ఫైలుకు ఇది అట్టిది. ఫైలులో ఒక్క అక్షరము మారినను గుర్తు పూర్తిగా మారిపోవును. విండోసులో సర్ట్‌యుటిల్ అను ఆదేశము ద్వారా దీనిని పొందవచ్చును. ఈ గుర్తును రిజిస్టరులో వ్రాసి యుంచినచో రెండేండ్ల పిదపనైనను ఫైలు చెడినదో, ఎవరైన మార్చిరో పోల్చి చెప్పవచ్చును.

పిల్లలు వాడు ఖాతా సాధారణ ఖాతాగా నుండవలెను. సాఫ్ట్‌వేరును ఎక్కించు అధికారము గల ఖాతా, దాని సంకేతపదము బాధ్యుడైన ఉపాధ్యాయునివద్ద మాత్రమే యుండవలెను. ఐఎస్ఓ ఫైళ్ళున్న ఫోల్డరును పిల్లలు చదువుటకే గాని చెరుపుటకు వీలులేకుండ అమర్చవలెను. కొన్ని పాఠశాలలలో యంత్రము తెరచిన ప్రతిసారి పూర్వస్థితికి మరలించు సాఫ్ట్‌వేరు ఉండును. అట్టిచోట ఐఎస్ఓ ఫైళ్ళను ఆ మరలింపునకు లోబడని భాగములో నుంచకున్నచో మరునాటికి అవి మాయమగును.

విండోసులో ఇమిడియున్న పద్ధతితో మౌంటు చేసినది యంత్రమును ఆపి తిరిగి తెరచినపుడు నిలువదు. కరెంటు పోయి వచ్చిన పిదప పాఠము "డిస్కు లేదు" అనినచో కంగారుపడనక్కరలేదు. తిరిగి మౌంటు చేసిన చాలును. పాఠము వెదకు డ్రైవు అక్షరము మారినచో కూడ ఇట్టి చిక్కే వచ్చును. పెన్‌డ్రైవులు తగిలించుటవలన అక్షరములు మారుచుండును. కావున పెన్‌డ్రైవులను తీసివేసి ముందుగా పాఠమును మౌంటు చేయుట, అన్ని యంత్రములలోను ఒకే అక్షరము వచ్చునట్లు చూచుకొనుట మంచి అలవాటు. తరగతి ముగియగానే ఎజెక్టు చేయవలెను. ఒకదానిపై నొకటిగా ఐదారు కల్పిత డ్రైవులు తెరచియుంచినచో ఏది ఏ పాఠమో తెలియక పిల్లలు తికమక పడుదురు.

రెండవ ప్రతి ఎక్కడ?

ప్రతిరూపములన్నియు ఒకే గదిలో నున్నచో దొంగతనముగాని, అగ్నిప్రమాదముగాని, పిడుగుపాటుగాని సంభవించినపుడు అన్నియు ఒకేసారి పోవును. కావున ఒక బయటి హార్డుడిస్కులో రెండవ ప్రతి తీసి, వేరు భవనములో భద్రపరుపవలెను. ఈ పనికి పంచాయతీ కార్యాలయపు బీరువా మిక్కిలి అనువైనది. పంచాయతీ కార్యదర్శి దానిని స్టాకు రిజిస్టరులో నమోదు చేసికొని, ప్రధానోపాధ్యాయుని లేఖపై మాత్రమే ఈయవలెను. ఆరు నెలలకొకసారి దానిని తెరచి వ్రేలిముద్ర గుర్తులు సరిపోవుచున్నవో లేవో చూడవలెను. తెరచి చూడని ప్రతి ఉన్నదో లేదో అవసరము వచ్చు దినమునగాని తెలియదు.

పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

పాఠశాల యాజమాన్య సంఘ సమావేశమునందు ఈ క్రింది ప్రశ్నలను మర్యాదగా, తప్పు పట్టు ధోరణి లేకుండ అడుగవలెనని మేము సూచించుచున్నాము.

1. పాఠముల డిస్కులు మొత్తము ఎన్ని? వానిలో పనిచేయునవి ఎన్ని?

2. ఎన్నింటికి ప్రతిరూపములు తీసిరి? తీయుటకు వీలుకానివి ఏవి, ఎందువలన?

3. కల్పిత డ్రైవుకు కంప్యూటరులో ఇమిడియున్న సౌకర్యమునే వాడుచున్నారా? బయటి సాఫ్ట్‌వేరు ఉన్నచో దానిని ఎక్కడనుండి తెచ్చిరి, అన్ని యంత్రములలోను ఒక్కటేనా?

4. ప్రతి పాఠము ఎన్ని యంత్రములలో వాడుటకు అనుమతి కలదు? ఆ పత్రము ఎచట నున్నది?

5. సాఫ్ట్‌వేరును ఎక్కించు అధికారము ఎవరిది? ఆ ఉపాధ్యాయుడు బదిలీయైనచో సంకేతపదము ఎవరికి అప్పగింపబడును?

6. భద్రతా సవరణలు చివరిసారి ఎప్పుడు అందినవి?

7. రెండవ ప్రతి ఎచట నున్నది? దానిని చివరిసారి తెరచి చూచిన తేదీ ఏది?

8. గత నెలలో ఎన్ని తరగతులు కంప్యూటరు గదిలో నిజముగా జరిగినవి?

ఈ ఎనిమిదింటిలో అయిదవది, ఎనిమిదవది ముఖ్యములు. అధికారము గల ఉపాధ్యాయుడు బదిలీయై సంకేతపదము తెలియక పోయినచో గది యంతయు తాళము పడినట్లే. ఇక తరగతులు జరుగనిచో తక్కిన ఏడు ప్రశ్నలకు ఎంత చక్కని జవాబులు వచ్చినను పిల్లలకు ఒరిగినదేమియు లేదు.

సభ్యులు మరియొక హద్దును పాటింపవలెను. ఏ పాఠము ఎప్పుడు చెప్పవలెనో నిర్ణయించుట ఉపాధ్యాయుల పని. అందు పంచాయతీ జోక్యము తగదు. ఉపాధ్యాయునకు కావలసిన హార్డుడిస్కు, డిస్కు డ్రైవు, రిజిస్టరు, ఒక సాయంకాలపు సహాయము సమకూర్చుట పంచాయతీ చేయదగిన పని. గ్రామములో కంప్యూటరు విద్య నేర్చి సెలవులకు ఇంటికి వచ్చు యువకులు, యువతులు ఉందురు. ప్రధానోపాధ్యాయుని సమక్షమున వారి సహాయము పొందినచో 20 డిస్కుల పని రెండు మూడు దినములలో ముగియును. అయితే వారు తమ పెన్‌డ్రైవులలోని సాఫ్ట్‌వేరును ఎక్కించుటకు మాత్రము అంగీకరింపరాదు.

కల్పిత డ్రైవు అనునది గొప్ప యంత్రము కాదు, ఖరీదైనదియు కాదు. నేటి కంప్యూటరులో అది ముందే యున్నది. కావలసినది పద్ధతి మాత్రమే: అసలు డిస్కు బీరువాలో, ఒక ప్రతి పాఠశాలలో, ఒక ప్రతి పంచాయతీలో, ఆ మూడింటి లెక్క ఒక రిజిస్టరులో. రాబోవు యాజమాన్య సంఘ సమావేశమునకు పోవు సభ్యులు పై ప్రశ్నలలో మొదటిదానితో ఆరంభింతురుగాక. బీరువా తెరచి డిస్కులను లెక్కించుటకు ఏ సాంకేతిక విద్యయు అక్కరలేదు. ఆ లెక్క తేలిన దినముననే మిగిలిన పని ఎంతయున్నదో గ్రామమునకు తెలియవచ్చును.